మా అబ్బాయి భయపడింది ఆ మనిషికి కాదు, నాకు

సంపాదకులు గారికి నమస్కారం.

నేను కావలిలో జాకెట్లు కుట్టే మనిషిని. ట్రంకు రోడ్డుకు రెండు వీధుల ఇవతల, మా ఇంటి ముందు గదిలోనే మిషను వేసుకుని పదహారేళ్లుగా కుడుతున్నాను. మా ఆయన కృష్ణపట్నం పోర్టు నుంచి లోడు ఎత్తే లారీకి డ్రైవరు. అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, అబ్బాయి తొమ్మిదో తరగతి. ఎదురింటి వాళ్లు మీ పేపరు చదివేశాక మధ్యాహ్నం నాకిస్తారు. పిల్లలు సెల్‌ఫోన్‌కు బానిసలైపోతున్నారని అందులో తరచుగా చదువుతుంటాను. ఆ పిల్లలు ఇంట్లో ఎవరికి చెప్పుకున్నారు, చెప్పుకుంటే పెద్దవాళ్లు ఏమన్నారు అన్నది మాత్రం ఎక్కడా కనపడదు. నా కథలో అదే ముఖ్యం కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. నా పేరు మాత్రం వేయొద్దని మనవి. మా పొదుపు సంఘంలో అందరికీ తెలిసిన సంగతే, నాకు దాపరికం లేదు. కానీ మా వాడి క్లాసు పిల్లల ఇళ్లకూ పేపరు వెళ్తుంది. వాడిని అడిగాకే రాస్తున్నాను. "పేరు లేకుండా అయితే రాసుకో మా" అన్నాడు.

పోయిన శ్రావణమాసం, అంటే 2025 ఆగస్టు. ఏడాది మొత్తంలో మాకు అదే పెద్ద సీజను. వరలక్ష్మీ వ్రతం 8వ తేదీ శుక్రవారం వచ్చింది. ఆ రోజుకి ఇవ్వాల్సిన జాకెట్లు 43 ఉన్నాయి నా దగ్గర. ఆది జాకెట్లు ఒక పక్క, లైనింగ్ గుడ్డలు ఒక పక్క, మధ్యలో నేను. మా పనిలో ఇప్పుడు కత్తెర ఎంత అవసరమో ఫోన్ కూడా అంతే. మెడ డిజైన్లు వాట్సాప్‌లో పంపుతారు, కుట్టుకూలి కూడా ఫోన్‌లోనే వేస్తారు. మిషను మీద కూర్చుంటే నాకు చేతులు ఖాళీ ఉండవు. అందుకని మ్యాచింగ్ సెంటర్‌లో దారాలకీ హుక్కులకీ డబ్బు కట్టి రమ్మని అబ్బాయికే ఫోన్ ఇచ్చి పంపేదాన్ని. అయిదో తరగతి నుంచీ ఆ పని వాడిదే. పిన్ కూడా వాడు పుట్టిన సంవత్సరమే పెట్టుకున్నాం, ఇద్దరికీ గుర్తుంటుందని.

ఆ ఖాతాలో ఉండేది నా డబ్బు ఒక్కటే కాదు. మా పొదుపు సంఘంలో పదిమందిమి. బ్యాంకు లోను కంతు అందరి దగ్గరా వసూలు చేసి నేనే కడతాను. వ్రతం అయిన మరుసటి రోజు, శనివారం రాత్రి, కాస్త ఊపిరి తీసుకుని కంతు లెక్క చూసుకుందామని ఫోన్ తెరిస్తే 11,400 రూపాయలు తక్కువ ఉన్నాయి. మొదట నేనే తప్పు కూడుకున్నానేమో అనుకున్నా. మళ్లీ చూశా. తొమ్మిది సార్లు పోయింది. ఒకసారి 200. తర్వాత 500, 500. తర్వాత 1,000, ఆపైన 1,200. చివరి నాలుగు సార్లూ రెండేసి వేలు. బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్‌లు ఒక్కటీ లేవు, అన్నీ తీసేసి ఉన్నాయి.

మా వాడు గోడ పక్కన కూర్చుని నన్నే చూస్తున్నాడు. నేను నోరు తెరవక ముందే ఏడుపు అందుకున్నాడు.

వాడు ఆడేది తుపాకులతో కాల్చుకునే ఆట. ఆ ఆటలో బట్టలు, తుపాకుల రంగులు కొనుక్కోవడానికి వజ్రాలని ఉంటాయట, వాటికి అసలు డబ్బు కట్టాలి. ఆటలో పరిచయమైన ఒక మనిషి మన తెలుగులోనే మాట్లాడేవాడు. మా వాడు అతన్ని అన్నా అని పిలిచేవాడు. సగం ధరకే వజ్రాలు వేయిస్తానని 200 అడిగాడు. మా వాడు వేశాడు. వజ్రాలు ఎక్కించాలంటే నీ ఆట ఖాతా పాస్‌వర్డ్ కావాలన్నాడు, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పమన్నాడు. అవీ చెప్పాడు. అంతటితో ఆ ఖాతా పోయింది. అంతవరకే అయితే 200 రూపాయల నష్టం, ఒక ఆట నష్టం. కానీ యూపీఐలో డబ్బు పంపితే అందుకున్నవాళ్లకు పంపినవాళ్ల పేరు కనపడుతుంది. ఆ మనిషికి నా పేరు కనపడింది, ఫోన్ నంబరు కూడా చిక్కింది. "మీ అమ్మకు ఫోన్ చేసి నువ్వు డబ్బు దొంగిలించావని చెప్పమంటావా, 500 వేస్తావా?" అని అడిగాడు. మిగిలిన 11,200 వజ్రాల కోసం పోలేదు. నాకు చెప్పకుండా ఉండటానికి పోయాయి.

తర్వాత ఆ చాట్ మొత్తం నేను చదివాను. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు. అందులో ఒకచోట మా వాడు రాశాడు: "అన్నా ప్లీజ్ చెప్పొద్దు, మా అమ్మ చేతులు ఇరగ్గొడతాది." ఆ మాట నాదే. అంతకు ముందు సంవత్సరం రాత్రి పన్నెండింటికి దుప్పట్లో వీడియోలు చూస్తుంటే పట్టుకుని, నా కట్టింగ్ బల్ల మీదున్న చెక్క స్కేలుతో కొట్టి, "ఇంకోసారి ఫోన్ ముట్టుకుంటే చేతులు ఇరగ్గొడతా" అన్నాను. కోపంలో అన్నాను, పొద్దుటికి మరిచిపోయాను. వాడు మరిచిపోలేదు. ఊరూ పేరూ తెలియని మనిషికి దాన్ని రాసి పంపాడు. ఆ మనిషికి ఇంకేం కావాలి? అక్కడి నుంచి అడిగే మొత్తం పెరుగుతూ పోయింది.

మొదటి 200 నుంచి చివరి రెండు వేల దాకా ఇదంతా పదకొండు రోజుల్లో జరిగింది. ఆ రోజుల్లో ఒక సాయంత్రం నాకు బాగా గుర్తుంది. ముదురు ఆకుపచ్చ పట్టు జాకెట్టుకు బంగారు రంగు పైపింగ్ వేస్తున్నాను. పైపింగ్ వంకర పోతే పట్టు మీద కుట్టు విప్పడం కష్టం, సూది గుర్తులు పడిపోతాయి. కళ్లు దాని మీదే ఉన్నాయి. మా వాడు హుక్కుల డబ్బా తెచ్చుకుని నా పక్కన కింద కూర్చున్నాడు. "నేను హుక్కులు పెట్టనా మా?" అన్నాడు. ఎప్పుడూ అడగడు. సరే పెట్టమన్నా. కాసేపటికి, "ఇయ్యాల నువ్వు కోపంగా ఉండావా?" అన్నాడు. "పనిలో ఉన్నా, మాట్లాడించబాక" అన్నా. ఇంకాసేపటికి మళ్లీ అదే అడిగాడు. మూడోసారి అడిగితే, "ఏందిరా నీ నస, పోయి చదువుకో పో" అని కసిరాను. తల ఎత్తి వాడి మొహం కూడా చూడలేదు. డబ్బా అక్కడే పెట్టి లేచిపోయాడు. చాట్‌లో తేదీలు చూసుకుంటే ఆ రాత్రే మొదటి రెండు వేలు పోయాయి.

డబ్బు పోయిందని కాదు సార్ నేను రాస్తున్నది. వాడు చెప్పడానికి వచ్చాడు. మూడు సార్లు తలుపు తట్టినట్టు అడిగాడు. నేను తీయలేదు.

ఆ శనివారం రాత్రి నాకు మొదట కనపడింది మళ్లీ ఆ స్కేలే. చేత్తో పట్టుకున్నాను కూడా. అంతలో మా ఆయన ఫోన్ చేశాడు, గూడూరు దగ్గర ఎక్కడో ఆపుకుని. విషయం చెప్తే రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత, "పిల్లోడు అన్నం తిన్నాడా? ముందు అన్నం పెట్టు. నేనొచ్చినాక మాట్లాడదాం" అన్నాడు. ఆ మాట ఆ సమయానికి రాకపోతే నేనేం చేసేదాన్నో నాకు తెలుసు. అన్నం పెట్టాను. మా వాడు తింటూ తింటూ కంచం ముందే నిద్రలోకి ఒరిగాడు. ఎన్ని రోజుల నిద్రో అది. లేపి, చెయ్యి కడిగి పడుకోబెడుతూ అడిగా, "ఎందుకురా నాకు చెప్పలా?" అని. "కొడతావని" అన్నాడు. "కొట్టి ఫోన్ తీసేసుకుంటావని."

పొద్దున్నే మా అమ్మాయి 1930 నంబరుకు ఫోన్ చేయించింది. ఈ నంబరు నాకు అప్పటిదాకా తెలియదు. సైబర్ మోసంలో డబ్బు పోతే దేశంలో ఎక్కడి నుంచైనా చేయాల్సిన నంబరు అది, ఆదివారమైనా ఎత్తుతారు. ఏ ఖాతా నుంచి, ఏ రోజు, ఎంత, యూపీఐ నంబరు ఎంత అని ఒక్కొక్కటీ అడిగి రాసుకుని ఫిర్యాదు నంబరు ఇచ్చారు. మనం చెప్పిన వివరాలు డబ్బు చేరిన బ్యాంకుకు వెళ్తాయి, ఆ ఖాతాలో డబ్బు ఇంకా ఉంటే అక్కడే ఆపుతారు. మోసగాళ్లు దాన్ని గంటల్లోనే ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి మరో ఖాతాకు తోసేస్తుంటారు కాబట్టి ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. మాకు చివరిసారి శనివారం పోయిన 2,000 మాత్రం ఆగింది. మిగతాది అప్పటికే దాటిపోయింది. మా వాడు మొదటి 500 నాడే నాకు చెప్పగలిగి ఉంటే పోయేది 200 రూపాయలే.

అదే ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. మంచిదే. రమ్మీలో ఇల్లు గుల్ల చేసుకున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. కానీ మా వాడు పందెం కట్టలేదు, ఆ ఆట పందెపు ఆట కాదు. ఆస్ట్రేలియాలో డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని చట్టం అమల్లోకి వచ్చిందని కూడా చదివాను. మనకూ అలాంటిది రావాలని అంటున్నారు. వస్తే నేను వద్దనను. అయితే మా వాడి ఫోన్‌లో ఖాతాలు చూస్తే వాడు 1999లో పుట్టాడని ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌కు 13 ఏళ్లు నిండాలని నిబంధన ఇప్పటికే ఉంది, పదకొండేళ్లకే వాడు దాన్ని దాటేశాడు. చట్టం చేసే పని చట్టం చేస్తుంది. రాత్రిపూట పిల్లవాడి ఫోన్‌లోకి ఒక బెదిరింపు వచ్చినప్పుడు పక్క మంచం మీద ఉండేది నేను.

ఇక సంఘం సంగతి. పోయిన డబ్బు సంఘానిది కాబట్టి చెప్పక తప్పదు. మా గొలుసు కుదువ పెట్టి కంతు సమయానికే కట్టేశాను గానీ, కట్టేశాను కదా అని దాచడానికి మనసొప్పలేదు. ఆ నెల సమావేశంలో పుస్తకాలు రాయడం అయ్యాక లేచి మొత్తం చెప్పాను. పిల్లాడిని సరిగా పెంచుకోలేదని అంటారనే అనుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. కాసేపు మౌనంగా ఉండి, తర్వాత ఇడ్లీ బండి పెట్టుకునే అక్క మొదలుపెట్టింది. ఆమె మనవడు ప్రభుత్వ పథకం డబ్బులు పడతాయని వచ్చిన లింకు నొక్కితే ఆమె ఖాతాలో 6,000 పోయాయట. కొడుకూ కోడలూ గొడవ పడతారని మనవడూ ఆమే కూడబలుక్కుని దాచేశారు. ఇంకొకామె కూతురికి డ్యాన్స్ వీడియోలు బాగున్నాయని ఎవరో "అక్క" మెసేజ్‌లు పెట్టి, చివరికి ఇంటి అడ్రసు అడిగిందట. ఆ అక్క అసలు ఆడమనిషే కాదని తర్వాత తెలిసింది. పదిమందిలో అయిదుగురి ఇళ్లలో ఏదో ఒకటి జరిగింది. నెలనెలా పక్కపక్కనే కూర్చుంటున్నాం, ఒక్కరికీ తెలియదు.

ఆ సాయంత్రం నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా పుట్టిల్లు కలిగిరి వైపు. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు మా అమ్మ రాత్రిబడికి వెళ్లేది. నాకు ఎనిమిదేళ్లు. లాంతరు పట్టుకుని ముందు నడవడం నా పని. పలక మీద మా అమ్మ రాసిన మొదటి మాటలు ఇప్పటికీ నా కళ్ల ముందున్నాయి, "మ" రాయబోతే తలకట్టు మరిచిపోయేది. పాఠం అయ్యాక ఆడవాళ్లు వెంటనే లేచేవాళ్లు కాదు. ఒకామె తన మొగుడు సారాకు ఎంత తగలేశాడో చెప్పేది, ఇంకొకామె తన వీపు మీద దెబ్బ చూపించేది. అంతకు ముందు అది ఎవరింటి పరువు వాళ్లది. అట్లా మాట్లాడుకోవడం నుంచే దూబగుంటలో రోశమ్మ గారూ తోటి ఆడవాళ్లూ సారా కొట్టు మూయించారు, అది జిల్లా అంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే మన జిల్లాలో రోజుకు రూపాయి చొప్పున దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. ఇవాళ నేను కంతు కడుతున్న సంఘానికి వేరు అక్కడుంది. ఇప్పటి తల్లులకు కావాల్సిన రాత్రిబడి కూడా అందుకే ఈ సంఘంలోనే పెట్టుకోవాలని నాకు అనిపించింది. కొత్తగా ఏ భవనమూ కట్టనవసరం లేదు, ఏ బడ్జెటూ అడగనవసరం లేదు.

సెప్టెంబరు నుంచి ప్రతి నెలా సమావేశం అయ్యాక అరగంట ఫోన్లు తీసి కూర్చుంటున్నాం. మా సంఘాల పని చూసే ఆర్.పి. (రిసోర్స్ పర్సన్) అమ్మ కూడా ఉంటుంది. మా అమ్మాయీ, ఇంకో ఇద్దరు ఇంటర్ పిల్లలూ చెప్తారు, మేము చేస్తాం. చూసి ఊరుకుంటే రాదు, మిషను తొక్కడం లాగే. మొదటి నెల పిన్‌లు మార్చుకున్నాం. పిల్లలు పుట్టిన సంవత్సరాలు, పెళ్లి తేదీలు అన్నీ పోయాయి. డబ్బు మనకు వచ్చేటప్పుడు పిన్ కొట్టే పని లేదనీ, డబ్బు వస్తుందని చెప్పి పిన్ కొట్టమన్నారంటే మన డబ్బు పోతోందనే అర్థమనీ ఇడ్లీ బండి అక్కకు ఆ రోజే తెలిసింది. నాకూ ఇంత బాగా తెలియదు, ఎప్పుడూ పిల్లాడి చేత్తోనే కొట్టించాను కాబట్టి. వాట్సాప్‌లో ప్రైవసీ అనే చోటికి వెళ్లి, తెలిసినవాళ్లు తప్ప ఎవరూ మనల్ని గ్రూపుల్లో చేర్చకుండా పెట్టుకోవచ్చు. ప్లే స్టోర్‌లో ఏది కొన్నా ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోవచ్చు. ఇవి చేయడానికి రెండేసి నిమిషాలు పట్టింది. ఇన్నేళ్లూ ఎవరమూ అడగలేదు. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా, 2022 డిసెంబరులో, ప్రభుత్వ బడి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు. అప్పుడు కూడా నేను దానికి గుడ్డతో సంచి కుట్టి ఇచ్చాను గానీ లోపల ఏముందని అడగలేదు.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. ఆడపిల్లల తల్లులు గట్టిగా అడగలేని సంగతి కాబట్టి రాస్తున్నాను. ఫోటోలు మార్చి అసభ్యంగా చేసి బెదిరిస్తే చాలామంది చేసే మొదటి పని భయంతో మెసేజ్‌లు తీసేయడం. తీసేయకూడదు. ఆ మెసేజ్‌లూ, పంపినవాడి ఖాతా పేరూ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి, అదే సాక్ష్యం. డబ్బు ఇస్తే ఆగరు, మా ఇంట్లో ఎట్లా పెరిగిందో రాశాను కదా. పిల్లల సహాయ నంబరు 1098కి పిల్లలే నేరుగా ఫోన్ చేయొచ్చు, పగలూ రాత్రీ ఎత్తుతారు. 2025 మార్చి 8న మార్కాపురంలో ముఖ్యమంత్రి గారు మొదలుపెట్టిన, ఆపదలో పోలీసులను పిలిచే శక్తి యాప్ కూడా ఆడపిల్లల ఫోన్‌లో ఉండాలి. 18 ఏళ్ల లోపు పిల్లల అసభ్యమైన ఫోటోలు నెట్‌లో తిరగకుండా ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత ఏర్పాటు ఒకటుందని మా అమ్మాయి కనిపెట్టింది. అందులో ఫోటో మన ఫోన్ దాటి ఎక్కడికీ పోదు. దాని నుంచి వేలిముద్ర లాంటి ఒక అంకెల వరుస తయారవుతుంది, అది మాత్రమే పెద్ద పెద్ద కంపెనీలకు చేరితే ఆ గుర్తు ఉన్న ఫోటోను వాళ్లు ఆపుతారు. ఫోటో ఎవరికీ చూపించనక్కర్లేదు అన్న ఆ ఒక్క మాట విని మా సంఘంలో ఒక తల్లి పెద్దగా ఊపిరి వదిలింది. ఎందుకని ఎవరమూ అడగలేదు. ఇంకొకటి. "జాగ్రత్తగా ఉండండి" అని రాసి అలాంటి వీడియోలను గ్రూపుల్లో పంపే పెద్దవాళ్లున్నారు. పిల్లలకు సంబంధించిన అసభ్యమైనవి ఏ ఉద్దేశంతో పంపినా నేరమే. దయచేసి మానేయండి.

పిల్లలకు ఎట్లా చెప్పాలి అన్నది నాకు చాలా రోజులు తెలియలేదు. అడ్రసు చెప్పొద్దు, బడి పేరు చెప్పొద్దు, ఫోటో పంపొద్దు అని వరసగా చదివితే మా వాడు తల ఊపుతాడు, అంతే. ఒకరోజు నా కొలతల నోటుబుక్కు తీసి వాడి ముందు పెట్టాను. పదహారేళ్ల నోటుబుక్కులు మూడున్నాయి. ఈ పేటలో ఎంతమంది ఆడవాళ్ల చుట్టుకొలతలు, భుజాలు, చేతి పొడవులు అందులో ఉన్నాయో లెక్క లేదు. "ఇది ఎప్పుడైనా బయట పెట్టి పోయానా?" అని అడిగా. లేదన్నాడు. "పక్కింటి టైలరు వచ్చి ఒక్కసారి చూసి ఇస్తానంటే ఇస్తానా?" ఇయ్యవన్నాడు. "ఎందుకియ్యను? అందులో దొంగతనం చేయడానికి ఏముంది, ఉత్త అంకెలే కదా?" కాసేపు ఆలోచించి, "నిన్ను నమ్మి ఇచ్చారు కదా మా" అన్నాడు. నీ పుట్టినరోజు, నీ బడి, మన వీధి, అక్క ఫోటో, నా ఫోన్ నంబరు ఇవన్నీ కూడా అట్లాంటి కొలతలే నాయనా, ఎవరికి ఇవ్వాలో చూసి ఇవ్వు అన్నాను. ఆ తర్వాత వాడే తన ఖాతాలో యూనిఫాం బ్యాడ్జీ కనపడే ఫోటో తీసేశాడు. నేను చెప్పలేదు.

మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. ఏ సంగతి వచ్చి చెప్పినా, వాడిదే తప్పయినా సరే, నేను కొట్టను. చెప్పినందుకు ఫోన్ తీసుకోను. ఈ రెండోది పెట్టమన్నది వాడే. దీని మీద మా సంఘంలో పెద్ద వాదనే జరిగింది, తప్పు చేసినా ఫోన్ ఉంచుతావా, భయం లేకపోతే చెడిపోరా అని. రాత్రి తొమ్మిది దాటితే ఫోన్ నా మిషను సొరుగులోకే వెళ్తుంది, అది వేరే నియమం, రోజూ ఉండేది, అందులో నేను మెత్తబడను. కానీ చెప్పిన రోజున శిక్ష వేస్తే రెండోసారి చెప్పడు. అప్పుడు వాడి సంగతి తెలిసేది బయటి మనిషికే. అమ్మాయితోనూ ఇదే మాట. ఇప్పుడు ఇంటర్, డిగ్రీ పిల్లలను "నీ బ్యాంకు ఖాతా నాలుగు రోజులు వాడుకుంటాం, రెండు వేలు ఇస్తాం" అని అడిగే మోసం ఒకటి నడుస్తోంది. మా డబ్బు దాటిపోయింది అలాంటి ఖాతాల గుండానే అయ్యుంటుంది. పోలీసులు మొదట వచ్చేది ఆ ఖాతా ఎవరి పేరు మీద ఉందో ఆ పిల్ల ఇంటికే.

తండ్రులకు కూడా ఒక మాట రాయాలి. ఇదంతా ఆడవాళ్ల సంఘం పని అనుకోవద్దు. మా ఆయన ఇప్పుడు ఎక్కడున్నా రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్ చేసి పిల్లలిద్దరితో విడివిడిగా మాట్లాడతాడు. మార్కులు అడగడు.

ఇప్పుడు నా విన్నపాలు. ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రుల మెగా సమావేశాలు పెడుతున్నారు, 2024 డిసెంబరు 7న, 2025 జులై 10న, మళ్లీ డిసెంబరు 5న జరిగాయి. జులైలో జరిగినదానికి నేను వెళ్లాను. మార్కులు, హాజరు గురించి చెప్పారు, అందరం కలిసి భోజనం చేశాం, సంతోషంగా అనిపించింది. ఈసారి పెట్టేటప్పుడు అందులో ఒక అరగంట ఫోన్ల కోసం కేటాయించాలని విద్యాశాఖ వారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఉపన్యాసం వద్దు. తల్లుల ఫోన్లు తల్లుల చేతిలో పెట్టించి, పెద్ద తరగతుల పిల్లల చేతే చూపించండి. పట్టణాల్లో పొదుపు సంఘాలను చూసే మెప్మా వారు, పల్లెల్లో గ్రామ సంఘాల వారు నెల సమావేశం చివర ఈ పని పెట్టుకుంటే మన జిల్లాలో ప్రతి వీధికీ చేరుతుంది.

మీ పత్రికకు కూడా ఒకటి. 1930, 1098 ఈ రెండు నంబర్లనూ ప్రతిరోజూ ఏదో ఒక మూల చిన్న పెట్టె కట్టి వేయండి. బస్సుల టైములు వేస్తారు కదా, అట్లా. పిల్లలు బానిసలయ్యారని రాసే చోట, ఆ పిల్లవాడు ఎవరికైనా చెప్పుకోవడానికి ప్రయత్నించాడా అని మీ విలేకరులను కూడా అడగమనండి.

మొన్న సంక్రాంతికి రెండు రోజుల ముందు ఒకామె పట్టు లంగా కత్తిరిస్తున్నాను. మా వాడు ఫోన్ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మా, పండగ కానుక అని ఒక లింకు వచ్చింది. మన క్లాసు గ్రూపులోనే పెట్టారు. నేను నొక్కినా. పేరు కూడా కొట్టినా. తర్వాత ఆధార్ అడిగింది, ఆపేశా" అన్నాడు. మొహం పాలిపోయి ఉంది. నా చేతిలో కత్తెర గుడ్డ మీద సగంలో ఉంది. కత్తెర కింద పెట్టి, ఇట్లా రా అని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఇద్దరం కలిసి ఆ లింకు చూశాం, పాస్‌వర్డ్‌లు మార్చాం, క్లాసు గ్రూపులో ఎవరూ నొక్కొద్దని వాడి చేతే రాయించాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ లంగా ఆ సాయంత్రానికి ఇవ్వలేకపోయాను, మర్నాడు పొద్దున ఇచ్చాను. ఆమె ఆలస్యమైందేమని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె తన ఫోన్ తీసి, "మా అమ్మాయిక్కూడా ఇదే వచ్చినట్టుంది, ఒకసారి చూడు" అని నా చేతికిచ్చింది.

ఇట్లు,
ఒక తల్లి, కుట్టుపని,
కావలి, నెల్లూరు జిల్లా.